పట్టపగటి జోడీ

ఆ పొద్దున పదింటికి అనుపమ ల్యాప్‌టాప్ మూత వేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తున్న బిక్షం అది చూసి స్టవ్ ఆపేశాడు. కూతురు పరిశోధనలో చేరిన ఈ ఆరేళ్లలో పగటిపూట ఆ మూత పడటం ఆయన చూడలేదు. అన్నం తినేటప్పుడు, ఫోన్లో మాట్లాడేటప్పుడు, ఆఖరికి తల దువ్వుకునేటప్పుడు కూడా అది నోరు తెరుచుకునే ఉండేది. లోపల ఏదో ఒక లెక్క నడుస్తూనే ఉండేది.

“ఏమైంది బిడ్డా?”

“రెండోది లేదు బాపూ,” అంది అనుపమ.

ఏ రెండోది అని ఆయన అడగలేదు. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం.

ఆకాశంలో కృత్తికలకూ రోహిణికీ నడుమ ఒక నల్లటి ధూళిమేఘం ఉంది. చుక్కలు పుట్టే పురిటిగది అది. అందులో ఒక పసి నక్షత్రం ఉన్నట్టు శాస్త్రం చదివినవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పసిది అంటే పది లక్షల ఏళ్లది. మన సూర్యుడి వయసు ముందు అది నిన్నగాక మొన్న పుట్టినట్టే లెక్క. పుణె అవతల పొలాల మధ్య ముప్పై పెద్ద పెద్ద లోహపు గిన్నెలు ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. అదే రేడియో టెలిస్కోపు. దానితో ఎవరో వేరే పనికి ఆ మేఘాన్ని చూసి, పని అయ్యాక వదిలేసిన సంకేతాలను అనుపమ చేరిన కొత్తలో మళ్లీ తిరగేసింది. వాటితో బొమ్మ కడితే, పెద్ద చుక్కకు ఎడమ పక్కన, అంటీ ముట్టనట్టు, ఇంకో చిన్న చుక్క కనబడింది. ఒంటరి నక్షత్రం కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట అన్నమాట.

ఆ రోజు బిక్షం కాప్రాలో వాళ్ల గల్లీ అంతటికీ జిలేబీ పంచాడు. అప్పటికి ఆయన భార్య దేవమ్మ ఉంది. పొట్లాలు కడుతూ, “ఇద్దరున్నరా? మంచిగైంది. అంత చీకట్ల ఒక్కతికి తోచొద్దా?” అని ఆవిడ నవ్వింది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. తండ్రీ కూతుళ్లు వంట వంతులవారీగా చేసుకుంటున్నారు.

పక్కింటి మాబూబీకి ఆ జంట సొంత చుట్టం కిందే లెక్క. జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది ఆమె. పొద్దున్నే ప్రహరీ మీదుగా “బేటీ, మన జోడీ మంచిగున్నదా?” అని అడగనిదే సూదిలో దారం ఎక్కించదు. ఆ చుక్కల చుట్టూ దుమ్ము పళ్లెంలా తిరుగుతుందనీ, మున్ముందు అందులోంచే భూమిలాంటివి పుడతాయనీ అనుపమ ఒకసారి చెప్పింది.

“అంటే నీళ్లోసుకున్నట్టేనా?” అంది మాబూబీ.

“గట్లనే అనుకో ఖాలా.”

“ఎన్నో నెల?”

“పది లక్షల ఏండ్లు నిండినయి. ఇంకెన్ని లక్షలు పడ్తదో.”

“యా అల్లా,” అంది మాబూబీ. “నాకు తొమ్మిది నెలలకే ప్రాణం మీదికొచ్చింది.”

అలాంటి జంటలో రెండోది లేదనేసరికి బిక్షం చేతిలోని గరిటె పక్కన పెట్టేశాడు. వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. అనుపమ నెమ్మదిగా చెప్పింది. ఆ జంట గురించి తను రాసిన పేపర్‌ను అచ్చువేసే ముందు, ఆరేళ్ల కిందటి ఒక్క బొమ్మ చాలదు, మళ్లీ చూసి రుజువు చెయ్యమన్నారు సైన్సు పత్రికవాళ్లు. పోయిన వారం టెలిస్కోపు వాళ్లు ఆరు గంటలు కేటాయించారు. ఆ కొత్త బొమ్మ ఈ పొద్దున తయారైంది. పత్రికకు జవాబు ఈ సాయంత్రం అయిదింటిలోగా పంపాలి.

“చిన్నది ఎడమ దిక్కు లేదు బాపూ. కుడి దిక్కున్నది.”

“జరిగిందేమో. తిరుగుతయంటివి గద.”

“ఒక్క చుట్టు తిరగనీకి ఇరవై వేల ఏండ్లు పడ్తది. ఆరేండ్లల్ల ఇటుది అటు పోదు. పోయిందంటే అది చుక్కనే కాదు. బొమ్మ కట్టేటప్పుడు పడ్డ మరక. అప్పుడు ఎడమకు పడ్డది, ఇప్పుడు కుడికి పడ్డది.”

అంతలో ఆమె గైడ్ శాంతికుమార్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ రోజు ఇంకా తగ్గించి మాట్లాడాడు.

“అనుపమా, నువ్వు పంపిన బొమ్మ నేను సుత చూసిన. పరేషాన్ కాకు. తప్పును మనమే ముందు చెప్పుకుంటే మనకే మర్యాద. అయిదు లోపట పేపర్ వాపస్ తీసుకుంటున్నమని రాసెయ్. సోమవారం కూసొని వేరే టాపిక్ ఆలోచిద్దాం.”

“సరే సార్,” అంది అనుపమ. ఫోన్ పెట్టేశాక కూడా రెండు మూడు సార్లు “సరే” అంది, ఎవరితోనో.

ఆరేళ్ల పని. సిద్ధాంత గ్రంథంలో సగం ఆ జంట మీదే నిలబడి ఉంది. బిక్షం ఏం చెయ్యాలో తోచక పళ్లెంలో అన్నం, పప్పు పెట్టి తెచ్చాడు. ఆమె రెండు ముద్దలు తిని పక్కన పెట్టింది. ప్రహరీ మీదుగా పిలుపుకు జవాబు రాకపోయేసరికి మాబూబీ చేతిలో జాకెట్ గుడ్డతోనే గుమ్మంలోకి వచ్చింది.

“ఏందన్నా, సప్పుడే లేదు? బేటీ మొకం గట్లున్నదేంది?”

“రెండో చుక్క లేదట,” అన్నాడు బిక్షం.

మాబూబీ గడప మీద కూలబడింది. “నేను జిలేబీ సుత తింటి గదా,” అంది. “ఆరేండ్లాయె. ఇప్పుడు వాపసెట్ల ఇయ్యాలె?”

అనుపమకు నవ్వు రావాల్సిన సమయం కాదు. అయినా వచ్చింది. నవ్వుతోపాటు కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఆ నవ్వు చూసి బిక్షానికి కాస్త ధైర్యం వచ్చింది.

“ఆ రెండు బొమ్మలు నాకు జెర చూపెట్టు,” అన్నాడు.

బిక్షం సర్వే ఆఫీసు నక్షాల సెక్షన్లో ముప్పై నాలుగేళ్లు ట్రేసర్‌గా చేసి రిటైరయ్యాడు. పాత నక్షా మీద పల్చటి కాగితం పరచి గీత వెంట గీత గీసి నకలు తీయడం, పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఏం మారిందో తేల్చడం ఆయన పని. అనుపమ మూత తెరిచి, రెండు చిన్న చిన్న చదరాలు పక్కపక్కన చూపించింది. రెండింటిలోనూ నడిమధ్య ఒక పెద్ద చుక్క. ఒకదాంట్లో దానికి ఎడమన చిన్నది, ఇంకోదాంట్లో కుడిన చిన్నది. ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకుని, ఆఫీసులో అడిగినట్టే అడిగాడు.

“ఉత్తరమెటు?”

“పైకి.”

“స్కేలు రెండిట్ల ఒకటేనా?”

“ఒకటే.”

“రెండు నక్షాలను దేన్ని పట్టి కలిపినవ్?”

“నడుమ పెద్ద చుక్కను పట్టి. అందరం గట్లనే చేస్తం బాపూ. పైన గాలిపొర కదులుతుంటది, దాంతోని బొమ్మ అటో ఇటో జెర జరుగుతది. అందుకే అన్నిట్లకెల్ల బాగ మెరిసేదాన్ని నడిమిట్ల పెట్టి, చుట్టూ చిన్న చదరం కోసుకుంటం. ప్రోగ్రామే చేసేస్తది.”

బిక్షం కళ్లజోడు తీశాడు.

“ఎనభై ఎనిమిదిల నేను ఒక ఊరిని జరిపిన,” అన్నాడు.

“ఊరినా?” అంది మాబూబీ.

“ఊరినే. పాత నక్షల ఊరి నడుమ ఒక పెద్ద బాయి. కొత్త నక్షల సుత ఊరి నడుమ ఒక పెద్ద బాయి. బాయి మీద బాయి పెట్టి సూది గుచ్చిన. మూడు దినాలు కూసొని గీతలన్ని గీసిన. మా సార్ చూసిండు. ‘బిక్షం, ఈ ఊరోళ్లు చెర్ల పండుకుంటరా?’ అన్నడు. చూస్తే సగం ఇండ్లు చెర్లనే ఉన్నయి.”

“ఎట్లయింది?”

“పాత పెద్ద బాయి సగం పూడిపోయింది. దాని పక్కనున్న చిన్న బాయిని తవ్వి పెద్దగ చేసుకున్నరు. నేను పెద్దదాని మీద పెద్దదాన్ని పెట్టిన. ఇరవై గజాలు జరిగిందమ్మా ఊరంతా, దర్గా, బడి, కల్లు దుకాణంతోని సహా. ఆ దినం నుంచి మా సెక్షన్ల ఒకటే కట్టు. నడుమ ఏమున్నదో చూడొద్దు. అంచులల్ల ఉన్న పొలిమేర రాళ్లను పట్టి కలపాలె. రాళ్లు జరగవు.”

“ఇవి బాయిలు కావు బాపూ,” అంది అనుపమ నీరసంగా. “చుక్కలల్ల పెద్దది ఎప్పటికీ పెద్ద…”

ఆ మాట అక్కడే ఆగిపోయింది. మాబూబీ సూది ఆపి చూసింది. అనుపమ తెర మీది రెండు చదరాలనూ మార్చి మార్చి చూస్తోంది.

“పసి చుక్కలు బాపూ,” అంది చివరికి. “పసివి నిలకడగుండవు. ఉన్నట్టుండి రేడియోల గుప్పున మెరుస్తయి. ఒక్కొక్కసారి పదింతలు. రెండు మూడు గంటలుండి మళ్ల చల్లబడతయి. పోయిన వారం చిన్నది గుప్పుమన్నదనుకో…”

“ఒకడు ఊకుంటే ఇంకొకడు అందుకుంటడు,” అంది మాబూబీ. “నా ఇద్దరు పోరలు గంతే చేసిండ్రు. ఇందుల సైన్సేమున్నది?”

అనుపమ వేళ్లు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. పొలిమేర రాళ్లు ఉన్నాయి. కోట్ల కాంతి సంవత్సరాల అవతల, ఆ మేఘానికి ఎంతో వెనకగా ఉన్న గెలాక్సీలు. అవి మన లెక్కలో ఎటూ జరగవు. ప్రతి బొమ్మలోనూ వందల కొద్దీ పడతాయి. ప్రతిసారీ ఆమె వాటిని కోసి పారేసింది. వాటితో పని లేదని.

సరిగ్గా తేల్చాలంటే రెండు బొమ్మలనూ మొదటి నుంచి మళ్లీ కట్టించాలి. నాలుగు గంటలు పడుతుంది. ఆమె ఆ పని యంత్రానికి అప్పగించింది. టైమ్ పన్నెండు కావస్తోంది.

“అది నడిచేలోపట కాగితం మీద చూద్దాం,” అన్నాడు బిక్షం. “కొయ్యని బొమ్మలు తియ్యి.”

తెర మీదనే ఒకదాని వెనక ఒకటి తిప్పి చూడొచ్చు. కాని ఆ రోజు తన కళ్ల మీద అనుపమకు నమ్మకం లేదు. ఎదురుగా ఉన్న చేతుల మీద ఉంది. నడిమి భాగం మాత్రం, కోయకుండా, పెద్దగా తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది. తండ్రిని స్కూటీ వెనక ఎక్కించుకుని మూల మీద ఉన్న జిరాక్స్ షాపుకి పోయింది. ఏప్రిల్ ఎండ పెనం మీద పెట్టినట్టుంది. షాపు మీద మాత్రం వేపచెట్టు నీడ చక్కగా పడుతోంది.

షాపు నడిపే బుల్లబ్బాయిది కాకినాడ. అరవై దాటాయి. మొదటి కాగితం బయటికి రాగానే పైకెత్తి చూసి మొహం చిట్లించాడు.

“ఆగమ్మా, డ్రమ్ము పాడైనట్టుంది. చూడండి, అంతా చుక్కలు చుక్కలు పడిపోయింది. తుడిచి మళ్లీ తీస్తాను.”

“వద్దండి, వద్దు,” అంది అనుపమ. “చుక్కలే కావాలె.”

“చుక్కలే కావాలా?” ఆయన కాగితాన్నీ, ఆమెనూ, వెనక గంభీరంగా నిలబడ్డ బిక్షాన్నీ మార్చి మార్చి చూశాడు. “సరే. నలభై ఏళ్లలో ఇలా అడిగినవాళ్లు మీరేనండీ. ఇంకో కాపీ తియ్యమంటారా, చుక్కలు బాగా వస్తున్నాయి.”

ఇంటికొచ్చేసరికి మాబూబీ మగ్గం డిజైన్లు దించుకునే ట్రేసింగ్ పేపర్ చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టి ఉంచింది. బిక్షం చేతులు కడుక్కుని, తుడుచుకుని, పాత బొమ్మ మీద ఆ కాగితం పరిచి నాలుగు మూలలా టేపు అంటించాడు. పెన్సిల్ చెక్కాడు. ఒక్కొక్క చుక్క చుట్టూ సన్నటి గీత, పక్కన అంకె. గెలాక్సీలు పదకొండు తేలాయి. నడుమ ఉన్న రెంటికీ అంకె వేయలేదు. పెద్దదాన్ని పెద్దగా, చిన్నదాన్ని చిన్నగా దించాడంతే. ముప్పావుగంట పట్టింది. మధ్యలో మాబూబీ ఒకసారి “చెయ్యి మంచిగున్నదన్నా, నా దగ్గర పనికొస్తావా?” అంది.

తర్వాత ఆయన కొత్త బొమ్మను తీసుకుపోయి కిటికీ అద్దానికి అంటించాడు. బయటి ఎండ కాగితంలోంచి తెల్లగా లోపలికి వచ్చింది. దాని మీద ట్రేసింగ్ కాగితం పెట్టి, ముందు పెద్ద చుక్క మీద పెద్ద చుక్క కలిపాడు.

“చూడు.”

అనుపమ చూసింది. నడుమ కలిసింది. చుట్టూ పదకొండు గెలాక్సీల్లో ఒక్కటి కూడా తన గీతలో లేదు. అన్నీ ఒకే దిక్కుకు, అంగుళంలో మూడో వంతు చొప్పున, బడిలో వరుస తప్పిన పిల్లల్లా పక్కకు నిలబడ్డాయి.

“ఊరు జరిగింది,” అన్నాడు బిక్షం.

ఇప్పుడు నడుమ ఏముందో చూడకుండా అంచుల వైపు చూస్తూ కాగితాన్ని జరపసాగాడు. ఒకటో అంకె తన గీతలో పడింది. నాలుగు పడింది. ఏడు, తొమ్మిది. కాగితం కుడి మూల వెంట్రుకంత తిప్పాడు. పదకొండూ పడ్డాయి. అరచేత్తో అద్దానికి అదిమి పట్టి, “ఇగ నడుమ చూస్కో బిడ్డా. నేను చూడ,” అని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొత్త బొమ్మలోని పెద్ద చుక్క పాత చిన్న గీతలో ఉంది. కొత్త చిన్న చుక్క పాత పెద్ద గీతలో ఉంది. రెండింటి మీద రెండు. ఎక్కడివక్కడ.

అనుపమ వెనక నుంచి తండ్రి భుజం మీద గడ్డం ఆనించి అలాగే నిలబడింది. ఆమె ఊపిరి చెవికి తగులుతుంటే బిక్షానికి విషయం తెలిసిపోయింది.

“ఉన్నదా?” అన్నాడు, ఇంకా అటే చూస్తూ.

“ఉన్నది బాపూ. పోయిన వారం అది గట్టిగ మెరిసింది. ప్రోగ్రాం దాన్నే పెద్దదనుకొని నడిమిట్ల పెట్టింది.”

“నా జిలేబీ హలాల్ అయింది,” అంది మాబూబీ.

కాని కిటికీ మీది కాగితాన్ని పత్రికవాళ్లు ఒప్పుకోరు. యంత్రం లెక్క తేలాలి. అప్పటిదాకా అనుపమ, ప్రోగ్రాం దానంతటది రాసిపెట్టుకునే చిట్టాను మొదటిసారి వరుసగా చదివింది. ప్రతి బొమ్మను ఎంత జరిపిందో అందులో ఉంది. ఇన్నాళ్లూ కట్టిన వేరే బొమ్మలకు ఎప్పుడూ ఒకటి, ఒకటిన్నర గళ్లు. పోయిన వారం బొమ్మకు ఏకంగా ఆరు గళ్లు. సరిగ్గా రెండు చుక్కల మధ్య దూరం. యంత్రం దాచలేదు. తనే అడగలేదు. ఆకలి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున పక్కన పెట్టిన పళ్లెం తెచ్చుకుని, పప్పు వేడి చేసుకుని, ఊరగాయ వేసుకుని మొత్తం తినేసింది. అయ్యాక ఇంకాస్త పెట్టుకుంది.

నాలుగూ అయిదు నిమిషాలకు లెక్క ఆగింది. గెలాక్సీలను పట్టి కలిపితే రెండు చుక్కలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కాదు, ఎక్కడివక్కడ లేవు. ఈ ఆరేళ్లలో రెండూ పిసరంత జరిగాయి. పదహారు కిలోమీటర్ల అవతల నిలబడ్డ మనిషి గోరు వెడల్పంత పక్కకు జరిగితే ఎంతో, అంత. పెద్దది ఎటు జరిగిందో చిన్నదీ అటే, అంతే జరిగింది. వెనక ఎక్కడో ఉన్న వేరే వస్తువైతే దానితో కలిసి నడవదు. మరకైతే అసలే నడవదు.

ఆమె శాంతికుమార్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

“సార్, ఉన్నరా?”

“ఉన్న. నేను సుత పెద్దదాన్నే పట్టుకుంట వచ్చిన గదమ్మా, ఇరవై రెండేండ్ల సంది.” ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. అది ఆగడానికి కొంత టైం పట్టింది. “సోమవారం నా పాత బొమ్మలన్ని బయటికి తియ్యాలె. ఎన్ని ఊర్లు జరిపిన్నో ఏమో. సరే, వాపస్ ఉత్తరం రాయకు. రుజువైందని రాయి. పసిది మెరిసిన సంగతి సుత కలుపు, అది ఇంకా పెద్ద వార్త. మీ బాపు ఉన్నరా అక్కడ?”

“ఉన్న సార్,” అన్నాడు బిక్షం, ఫోన్ ముందు నిటారుగా నిలబడి.

“నమస్తే సార్. మీ సెక్షన్ల ఇంక ఎవరన్న ఖాళీగ ఉంటే చెప్పండి.”

అనుపమ అరగంట ఆగకుండా రాసింది. రెండు బొమ్మలు, రెండు పట్టికలు, మెరుపు మీద ఒక పేరా. చివర కృతజ్ఞతల దగ్గర ఒక వాక్యం రాసి తెలుగులో చదివి వినిపించింది: పటాలను చేత్తో కలిపి పొరపాటు పట్టుకున్నది బిక్షం, విశ్రాంత ట్రేసర్.

బిక్షం గొంతు సవరించుకున్నాడు. “విశ్రాంత ఎందుకు? ఇయ్యాల పని చేసిన గద.”

ఆమె ఆ మాట కొట్టేసింది. నాలుగూ నలభైకి జవాబు పంపింది. అందినట్టు పత్రిక నుంచి తిరుగు సమాచారం వచ్చాక కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“రాండ్రి, చూపెడ్త,” అంది. “ఇప్పుడు పైననే ఉన్నయి.”

“ఇంత ఎండల చుక్కలా?” అంది మాబూబీ.

“రేడియోకు పగలేంది, రాత్రేంది ఖాలా. పోయిన వారం గిదే పొద్దుకు చూసినం.”

ముగ్గురూ వాకిట్లోకి వచ్చారు. కాప్రా చెరువు వైపు నుంచి ఆ రోజుకు మొదటి గాలి వచ్చింది. అనుపమ నడినెత్తి నుంచి కొంచెం పడమరకు చెయ్యి చాచి చూపించింది. అక్కడ తెల్లటి ఆకాశం తప్ప ఏమీ లేదు. ఒక గద్ద మాత్రం తిరుగుతోంది.

“గద్దకు ఈ పక్క. ఆడ్నే.”

బిక్షం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటే చూశాడు. ఏమీ కనబడలేదు. కనబడనక్కర్లేదనిపించింది. మాబూబీ కొంగు నెత్తి మీదికి లాక్కుని, కళ్లు చికిలించి, ఆకాశంలో ఆ చోటును బాగా గుర్తుపెట్టుకుంది.

“గల్లీ గల్లంతా దాని గురించే ముచ్చట. ఆరేండ్ల సంది ఎవరన్నా దిష్టి తీసిండ్రా?” అంది.

రెండు చేతులూ పైకెత్తి, దూరంగా ఉన్న పిల్లల బుగ్గలు నిమిరినట్టు గాలిలో నిమిరి, కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. పటపటమని పదీ విరిగాయి.